ఎక్స్‌పర్ట్ అంటే ఏంది సార్

ముప్పై ఏళ్లకు పైగా ఒక దినపత్రిక డెస్కులో కూర్చుని "నిపుణులు" అనే మాట ఎన్ని వేల సార్లు రాసి ఉంటానో లెక్క లేదు. వానలు ఆలస్యమవుతాయని నిపుణులు చెప్పారు. ఉల్లి ధర దిగుతుందని నిపుణుల అంచనా. పొద్దున్నే నడిస్తే ఒంటికి మంచిదని నిపుణుల సలహా. ఏజెన్సీ వార్తలో ఇంగ్లిష్‌లో ఎక్స్‌పర్ట్స్ అని కనబడితే చాలు, చెయ్యి దానంతటదే నిపుణులు అని రాసి ముందుకు పోయేది. అంత రాసినవాణ్ణి, ఒక్క నిపుణుణ్ణయినా దగ్గర నుంచి చూసిన పాపాన పోలేదు. రిటైరయ్యాక, వాళ్ల సలహా ప్రకారమే పొద్దున నడక మొదలుపెట్టాక, నాచారంలో ఒకాయన దొరికాడు. తాను ఎక్స్‌పర్టునని అప్పటికి ఆయనకూ తెలియదు.

ఆయనది లేత్ పని. ఇనుప కడ్డీని మిషన్‌కు బిగించి గిర్రున తిప్పుతూ, దానికి పదునైన టూలు ఆనించి, కావలసిన కొలతకు చెక్కుతాడు. పారిశ్రామికవాడ వెనక సందులో రేకుల షెడ్డు, అందులో ఒకే ఒక్క లేత్ మిషన్, మనిషి కూర్చోడానికి ఒక స్టూలు. ఆ స్టూలు మీద కూర్చునేది నేను. ఆయన ఎప్పుడూ నిలబడే ఉంటాడు. నా పాత స్కూటరుకు ఎక్కడా దొరకని బుష్, అంటే చిన్న ఇనుప గొట్టం, ఒకటి చేసిపెట్టిన నాటి నుంచి పరిచయం. నా నడక ఆయన షెడ్డు దాకానే సాగేది. అక్కడ టీ తాగి, గొట్టంలా చుట్టుకుంటూ రాలే ఇనుప తురుమును చూస్తూ కూర్చుని, ఎండెక్కాక ఇంటికి పోయేవాణ్ణి. డాక్టరుకు మాత్రం గంట నడుస్తున్నానని చెప్పేవాణ్ణి.

పోయిన వానాకాలం ఒక సోమవారం వెళ్లేసరికి మిషన్ ఆగి ఉంది. ఆయన గుమ్మంలో నిలబడి ఫోనును రెండు చేతులా పట్టుకుని చూస్తున్నాడు. నన్ను చూడగానే దాన్ని నా చేతిలో పెట్టాడు.

అన్నోజిగూడ అవతల ఉన్న ఒక ఇంజనీరింగ్ కాలేజీ వాళ్ల పోస్టర్ అది. నీలం రంగు మీద పళ్ల చక్రాలు, మధ్యలో మెరుపులు, ఒక రోబో చెయ్యి. వాటన్నిటి నడుమ ఈయన ఫొటో. బ్యాంకు పాస్‌బుక్కు కోసం దిగిన ఫొటో అది. ఊపిరి బిగపట్టుకుని, ఏదో నేరం ఒప్పుకోబోతున్నట్టు ఉన్నాడు. పైన పెద్ద అక్షరాల్లో ఎక్స్‌పర్ట్ టాక్ అనీ, పేరు కింద ఇండస్ట్రీ ఎక్స్‌పర్ట్ అనీ ఇంగ్లిష్‌లో ఉంది. శుక్రవారం పదకొండు నుంచి పన్నెండు వరకు, సెమినార్ హాలు.

సంగతేమిటంటే, ఆయన కూతురు ఆ కాలేజీలోనే మెకానికల్ మూడో సంవత్సరం. ప్రతి సెమిస్టరుకూ బయట పరిశ్రమల నుంచి ఒకరిని పిలిపించి మాట్లాడించడం అక్కడి ఆనవాయితీ. ఈసారి రావలసిన పెద్దమనిషి రానన్నాడు. మీకెవరైనా తెలుసా అని లెక్చరర్ క్లాసులో అడిగితే ఈ అమ్మాయి చెయ్యెత్తి, ముప్పై ఏళ్లుగా లేత్ నడుపుతున్న మనిషి నాకు తెలుసు అని చెప్పి నంబరు ఇచ్చింది. ఆ మనిషి తన తండ్రి అని మాత్రం చెప్పలేదు. లెక్చరర్ ఫోన్ చేస్తే, కాలేజీలో మిషనేదో చెడిపోయిందేమోననుకుని ఈయన వస్తానన్నాడు, అడిగితే గేటు పాసుకేమోనని ఫొటో కూడా పంపాడు. తీరా ఈ పోస్టర్ వచ్చింది.

"అందరి ఫోన్లల్ల తిరుగుతుందట సార్ ఇది. ఇప్పుడు రానంటే నా బిడ్డ మాట పోతది. పోయి ఏమన్న ఖరాబు మాట్లాడితే నా బిడ్డ ఇజ్జతే పోతది. రేపు వాళ్లకు నేను నాయిననని తెలుస్తది గద. నీ నాయిన గింతేనా అంటరు."

ఆ ఇంగ్లిష్ అక్షరాల మీద వేలు పెట్టి, "ఇంతకూ ఎక్స్‌పర్ట్ అంటే ఏంది సార్" అన్నాడు.

నిపుణుడు అన్నాను. వేల సార్లు రాసిన మాట కదా, ఠక్కున వచ్చింది. ఆయన మొహంలో ఏ మార్పూ లేదు. నిపుణుడంటే ఏంది అన్నాడు. బాగా తెలిసినవాడు అన్నాను. పదో తరగతి లెక్కల్లో తప్పి షెడ్డుకొచ్చినవాణ్ణి, నాకేం తెలుసు సార్ అన్నాడు. ఆ రోజు టీ ఇద్దరమూ సగం వదిలేశాం.

ఇంటికి పోయి, రిటైరయ్యేటప్పుడు డెస్కు మిత్రులు ఇచ్చిన లావుపాటి ఇంగ్లిష్ నిఘంటువు దించాను. అన్నం తినకముందు తెరిచినవాణ్ణి, నా భార్య కంచం తెచ్చి దాని పక్కన పెట్టేదాకా తలెత్తలేదు. చూస్తున్నకొద్దీ నాకు ఎవరో చక్కిలిగింతలు పెడుతున్నట్టు ఉంది. ఆ మాట పుట్టిల్లు లాటిన్. దాని లోపల ఉన్నది తెలియడం కాదు, ప్రయత్నించి చూడడం. ఎక్స్‌పర్ట్ అంటే మొదట్లో చేసి చూసినవాడు, పరీక్షకు నిలిచినవాడు. పుస్తకం చదివి తెలుసుకున్నవాడు అనే అర్థం దాని చుట్టుపక్కల ఎక్కడా లేదు. అన్నీ తెలిసిన పెద్దమనిషిగా, టీవీల్లో కోటు వేసుకుని కూర్చునేవాడిగా అది స్థిరపడింది చాలా కాలం తర్వాత.

అక్కడితో ఆగితే బాగుండేది, కాని ఆ మాట బంధువర్గం చూస్తే పెళ్లిపందిరంత ఉంది. ఎక్స్‌పీరియన్స్, ఎక్స్‌పెరిమెంట్ రెండూ దాని తోబుట్టువులు. అనుభవమూ ప్రయోగమూ ఒకే కడుపున పుట్టాయన్నమాట. పెరిల్, అంటే ఆపద, దగ్గరి దాయాది. ప్రయత్నమంటేనే ఆపదలో కాలు పెట్టడమని ఆ పాతకాలం వాళ్లకు తెలుసు. ఇక గ్రీకు వైపు దూరపు చుట్టం ఒకడున్నాడు. వాడు పైరేట్. సముద్రపు దొంగ. వాడు కూడా 'ప్రయత్నించి చూసేవాడే'.

నేను నవ్వుతుంటే నా భార్య ఏమైందండీ అంది. నిపుణుడూ ఓడదొంగా చుట్టాలట అన్నాను. పప్పు చల్లారిపోతోంది అంది.

మర్నాడు తెల్లారీ తెల్లారకముందే బయల్దేరాను. నడిచానో పరిగెత్తానో తెలియదు గాని, చిల్కానగర్ దాటేసరికి ఆయాసం వచ్చింది. షెడ్డు ఇంకా తెరవలేదు. ఆయన వచ్చి షట్టర్ ఎత్తుతుండగానే మొత్తం చెప్పేశాను. లాటిన్ అంటే ఏ దేశపు భాష అని అడిగి, జవాబు వినకుండానే ఓడదొంగ దగ్గర పట్టుకున్నాడు. వాడు ఓడ ఎక్కుతాడో నీళ్లలో పడతాడో వాడికే తెలియదు కదా, అదే ప్రయత్నమంటే, అని నేను వివరించాను. ఆయన తాళంచెవితో గడ్డం గీక్కున్నాడు.

"అంటే ఎంత ఖరాబు జేస్తే గంత ఎక్స్‌పర్టా సార్?"

దాదాపు అంతే అన్నాను.

"అట్లయితే ఈ నాచారంల నా అంత ఎక్స్‌పర్ట్ లేడు."

ఇద్దరం పగలబడి నవ్వాం. ఇక ఆ రోజంతా ఆయన తాను చెడగొట్టిన పనుల చిట్టా విప్పాడు. ఎక్కువ కోసి పారేసిన షాఫ్టులు, కొలత తప్పి దాచిపెట్టిన బుష్‌లు, పని నేర్పిన ఉస్తాద్ చేతిలో తిన్న మొట్టికాయలు. మొదట్లో ఉప్పల్‌లో ఒక చెరుకు రసం బండికి చేసిన నట్టు కథ చెబుతూ ఆయన చెయ్యి మిషన్ మీద నుంచి తీసి కడుపు పట్టుకోవాల్సి వచ్చింది. నేను స్టూలు మీద నుంచి కింద పడబోయాను.

ప్రసంగం నేను రాసిస్తానన్నాను. ఆయన మొహం వెలిగింది. డెస్కు మీద అంత కాలం పనిచేసినవాణ్ణి, ఒక గంట ప్రసంగం ఎంత. మూడు పొద్దుల పాటు ఆయన చెప్పేది రాసుకుని, గురువారం సాయంత్రం కూర్చుని దిద్దాను. ఇక్కడ నా వృత్తి గురించి ఒక మాట చెప్పాలి. మా దగ్గర వార్త రాసే పద్ధతి ఒకటే. ముఖ్యమైనదంతా మొదటి పేరాలో పడిపోవాలి. తర్వాతి పేరాల్లో ప్రాధాన్యం తగ్గుతూ రావాలి. పేజీలో చోటు చాలకపోతే పేజీ పెట్టేవాడు కింద నుంచి కత్తిరిస్తాడు, ఏది పోయినా వార్త బతకాలి. ఈ పద్ధతి నా చేతి ఎముకల్లోకి దిగిపోయింది. పెళ్లి శుభలేఖ రాసినా ముహూర్తం మొదటి వాక్యంలో పెడతాను. అదే పద్ధతిలో ఆయన ముప్పై ఏళ్ల పనినీ రాశాను. లేత్ అంటే ఏమిటి, కొలత ఎందుకు ముఖ్యం, భద్రత ఎలా, విద్యార్థులు ఏం నేర్చుకోవాలి, అన్నీ మొదటి పేరాలో. చెడగొట్టిన పనుల కథలన్నీ అనవసర వివరాలని ఎర్ర కలంతో కొట్టేశాను. చెరుకు బండి నట్టు మీద రెండు సార్లు అడ్డంగా గీసినట్టు గుర్తు. చివరికి రెండు పేజీలు తేలాయి. చాలా శుభ్రమైన కాపీ అని నాకు నేనే మెచ్చుకున్నాను.

శుక్రవారం ఆయన బండి వెనక కూర్చుని బయల్దేరాను. తెల్ల చొక్కా వేసుకున్నాడు. కిరసనాయిలుతో, తర్వాత బట్టల సబ్బుతో రుద్దినా గోళ్ల చుట్టూ నల్ల గీతలు పోలేదు. వరంగల్ రోడ్డు మీద పిల్లర్ల పక్కన గుంతలు తప్పిస్తూ, ప్రసంగం మొదటి వాక్యం గట్టిగా అప్పజెప్పుకుంటూ నడిపాడు. మేడిపల్లి దగ్గర పక్కన పోతున్న ఆటోవాడు ఏమన్నా అంటున్నవా అన్నా అని అడిగాడు కూడా.

హాలు చల్లగా ఉంది. వంద మందికి పైనే ఉన్నారు. చేతికి పూలగుత్తి ఇచ్చారు, దాన్ని ఎక్కడ పెట్టాలో తెలియక ఆయన చదివినంతసేపూ చంకలోనే పెట్టుకున్నాడు. కూతురు మూడో వరుసలో కూర్చుంది. తలెత్తలేదు. ఒళ్లో ఉన్న దుపట్టా అంచును వేలికి చుట్టుకుంటూ విప్పుకుంటూ ఉంది.

ఆయన కాగితం తీసి చదవడం మొదలుపెట్టాడు. గొంతు బాగుంది, వణుకు లేదు. నేను మొదటి వరుసలో కూర్చుని నా వాక్యాలను వింటూ మురిసిపోయాను. మొదటి పేరా అయింది. రెండో పేరా అయింది. ఆయన కాగితం తిప్పాడు, ఇంకొంచెం చదివాడు, నమస్కారం అన్నాడు. గోడ గడియారం చూశాను. పదకొండూ ఏడు.

అప్పుడు అర్థమైంది నేను చేసిన నిర్వాకం. కత్తిరించడానికి వీలుగా రాసిన ప్రసంగం అది. అక్కడ కత్తిరించేవాడు ఎవడూ లేడు. యాభై మూడు నిమిషాల ఖాళీ జాగా ఎదురుగా తెల్లగా పరుచుకుని ఉంది. నా సర్వీసులో పేజీలో అంత ఖాళీ ఎప్పుడూ చూడలేదు.

చప్పట్లు కొట్టాలా వద్దా తెలియక ఒకరిద్దరు కొట్టి ఆపేశారు. లెక్చరర్ లేచి, మర్యాదస్తుడు, ప్రశ్నలేమైనా ఉంటే అడగమన్నాడు. ఆయన నా వైపు చూశాడు. డెస్కులో ఉండగా ఎవరినీ ఆ మొహంతో నా వైపు చూడనివ్వలేదు. నేను చేతులతో ఏదో సైగ చేశాను. దానర్థం నాకే తెలియదు.

వెనక వరుస నుంచి ఒక కుర్రాడు లేచాడు. కంప్యూటర్‌లో కొలత కొడితే మిషనే కోసేసే రోజులివి, ఇంకా చేత్తో తిప్పే లేత్ ఎందుకు అంకుల్ అని అడిగాడు. సార్ అనకుండా అంకుల్ అన్నందుకో, అడిగిన తీరుకో, హాలంతా గొల్లుమంది. కూతురి తల ఇంకా కిందికి వంగింది. దుపట్టా వేలి చుట్టూ బిగుసుకుంది.

ఆయన నా కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి జేబులో పెట్టుకున్నాడు. పూలగుత్తిని తీసి మైకు పక్కన నిలబెట్టాడు.

"మంచిగ అడిగినవు తమ్మీ. నువ్వు కంప్యూటర్ల తప్పు కొట్టినవనుకో, మిషన్ గా తప్పునే మస్తు నున్నగ కోసిస్తది. గది తప్పని నీకు ముందుగాల తెల్వాలె గద. ఎట్ల తెలుస్తదో నాకెట్ల తెలిసిందో చెప్త. నేను ఉప్పల్ల ఒక చెరుకురసం బండి చక్రాన్ని ఉరికించిన."

నేను రెండు సార్లు ఎర్రగీత గీసిన కథ మొదలైంది.

అప్పటికి ఆయన పనిలో చేరి ఏడాది కాలేదు. ఉస్తాద్ ఊరెళ్లాడు. చెరుకురసం అమ్మే ఒకాయన నట్టు ఎక్కే మర అరిగిపోయిన షాఫ్టు పట్టుకొచ్చాడు. బండి పక్కన తిరిగే పెద్ద ఇనుప చక్రాన్ని పట్టి ఉంచే షాఫ్టు అది. ఉస్తాద్ వచ్చేదాకా ఆగమనకుండా, నేను చేయలేనా అని ఈయనే కొత్త షాఫ్టు కోసి, మర వేసి, నట్టు చేసిచ్చాడు. బ్రహ్మాండంగా బిగిసింది. రసం ఆయన సంతోషంతో రెండు గ్లాసులు ఊరికే పోశాడు. రెండు రోజులు బాగానే నడిచింది. మూడో రోజు మిట్టమధ్యాహ్నం, గిరాకీ మీద ఉండగా, నట్టు ఊడింది. చక్రం బండిని వదిలి కింద దూకి, ఉప్పల్ చౌరస్తా వైపు తనదారిన తాను దొర్లుకుంటూ పోయింది. దాని వెనక రసం ఆయన, ఆయన వెనక రసం తాగుతూ గ్లాసు చేతిలోనే ఉన్న మనిషి, కేకలు విని షెడ్డులోంచి వచ్చి అందరి వెనక ఈయన. జనం మంత్రి కాన్వాయ్‌కి ఇచ్చినట్టు పక్కకు తప్పుకుని దారి ఇచ్చారట. చివరికి అది పోయి పోయి కోడికూర దుకాణం గోడకు ఆనుకుని, తన వంతు కోసం నిలబడ్డట్టు ఆగిందట.

హాలు హాలంతా ఊగిపోతోంది. లెక్చరర్ కళ్లద్దాలు తీసి తుడుచుకుంటున్నాడు. ఆయన నవ్వలేదు. చెయ్యెత్తి, నేను చేసిన తప్పేమిటో చెప్పండి అన్నాడు.

నట్టు సరిగ్గా బిగించలేదని ఒకరన్నారు. కాదు, గట్టిగానే బిగించిన అన్నాడు. ఇనుము మెత్తదని ఇంకొకరు. కొలత తప్పని మరొకరు. వాషర్ వేయలేదేమోనని వెనక నుంచి. అన్నిటికీ తల అడ్డంగా ఊపుతూ స్టేజీ మీద అటూ ఇటూ నడుస్తున్నాడు. మైకు సంగతే మరిచిపోయాడు. అడిగిన కుర్రాడు నిలబడే ఉన్నాడు, కూర్చోవడం గుర్తు లేనట్టుంది.

మూడో వరుసలో కూతురు లేచింది. దుపట్టా వేలికి అలాగే చుట్టుకుని ఉంది.

"మర ఉల్టా వెయ్యాలె. చక్రం తిరిగిన కొద్దీ నట్టు బిగుసుకోవాలె గని వదులు గావొద్దు. మనింట్ల టేబుల్ ఫ్యాన్ నట్టు గూడ గట్లనే ఉల్టా ఉంటది గద నాయినా."

చివరి మాట హాలులో అందరికీ వినబడింది. వంద తలలు ఒక్కసారి ఆ అమ్మాయి వైపు తిరిగి, మళ్లీ స్టేజీ వైపు తిరిగాయి. పక్కన కూర్చున్న పిల్ల ఆమె చెయ్యి పట్టి లాగి, మీ డాడీయా, చెప్పలేదేందే అంది. ఆ అమ్మాయి కూర్చోలేదు.

ఆయన స్టేజీ అంచు దాకా వచ్చాడు. తర్వాత, "గంతే బిడ్డా. నాకు గది తెల్వనీకి ఒక చక్రం ఉరకాల్సొచ్చింది. నీకు ఫ్యాన్ సరిపోయింది" అన్నాడు.

ఆ తర్వాత జరిగిందంతా నాకు గందరగోళంగానే గుర్తుంది. హాస్టల్లో ఫ్యాన్ విప్పబోయి తిరగని వైపు తిప్పి నట్టు విరగ్గొట్టిన వాళ్లు డజను మంది తేలారు. ఒక్కొక్కరూ తమ నేరం ఒప్పుకోవడం మొదలుపెట్టారు. మీ దగ్గర లేత్ లేదా సార్ అని ఆయనే లెక్చరర్‌ను అడిగాడు. ఉంది, వర్క్‌షాపులో ప్లాస్టిక్ కవరు కప్పుకుని. ఆయన స్టేజీ దిగి నడుస్తుంటే వంద మందీ వెనక నడిచారు. కవరు తీసి, మిషన్ మీద చెయ్యి పెట్టి, పశువు ఒళ్లు నిమిరినట్టు నిమిరాడు. నూనె తెమ్మన్నాడు. కడ్డీ బిగించి మొదటి తురుము తెల్లగా చుట్టుకుంటూ రాలగానే పిల్లలు సినిమా హాలులోలా ఈల వేశారు. తర్వాత టూలును నడిపే పిడి పిల్లల చేతికే ఇచ్చి, కళ్లకు అద్దాలు పెట్టించి, జర చూసుకుంట ఖరాబు జెయ్యిండ్రి అన్నాడు. కంప్యూటర్ ప్రశ్న అడిగిన కుర్రాడు మొదట చేశాడు. చాలా ఘనంగా చెడగొట్టాడు. ఆయన దాన్ని వెలుతురులో పట్టుకుని చూసి, నేను మొదటిరోజు చేసినదానికన్నా మేలే అన్నాడు. అబద్ధమో నిజమో నాకు తెలియదు. ఆ కుర్రాడు దాన్ని రుమాలులో చుట్టి జేబులో పెట్టుకున్నాడు.

పన్నెండు ఎప్పుడో దాటింది. భోజనాల గంట కొట్టినా ఎవరూ కదల్లేదు. నాలుగయ్యాక బలవంతంగా లైట్లు ఆర్పారు.

బయటికొచ్చి బండి దగ్గర నిలబడ్డాను. ఆయన రాలేదు. కూతురు పరిగెత్తుకుంటూ వచ్చి, "అంకుల్, నాయినను మా బస్సుల తీస్కపోతం. వీళ్లు ఇడుస్తలేరు. జర బండి మీరు తెస్తరా" అని తాళం నా చేతిలో పెట్టేసి పోయింది. కాలితో గేర్లు మార్చే బండి నేను నడిపి పాతికేళ్లు దాటింది. పైగా దాని గేరు ఆయనే ఏదో మార్చి పెట్టుకున్నాడు, ఏది ఎటో దేవుడికే తెలియాలి. ఆ విషయం చెప్పేలోపు బస్సు కదిలింది.

నారపల్లి సిగ్నల్ దాకా ఎలా వచ్చానో చెప్పను. అక్కడ ఎర్రలైటు పడింది. కాలేజీ బస్సు నా పక్కనే ఆగింది. సీటు ఇచ్చినట్టున్నారు గాని ఆయన కూర్చోలేదు. నడుమ దారిలో నిలబడి, ఒక చేత్తో పైన కడ్డీ పట్టుకుని, రెండో చేత్తో గాలిలో ఏదో గుండ్రంగా తిప్పి చూపిస్తున్నాడు. సీట్ల వీపుల మీదుగా పిల్లలు ఆయన వైపు వంగి ఉన్నారు. కూతురు అందరి ముందు సీట్లో వెనక్కి తిరిగి మోకాళ్ల మీద కూర్చుని, ఆయన చెప్పేది ఆయనకన్నా ముందే ఎవరికో చెబుతోంది. ఆయన ఆపి ఆమెను సరిదిద్దాడు. ఆమె ఒప్పుకోలేదు. ఇద్దరూ వాదించుకుంటుంటే బస్సంతా వింటోంది.

నేను చెయ్యి ఊపాను. ఎవరూ చూడలేదు. పచ్చలైటు పడింది, బస్సు పోయింది. నేను మొదటి గేరనుకుని ఏదో వేశాను, బండి ఒక్క గంతు వేసి ఆగిపోయింది. వెనక హారన్లు మొదలయ్యాయి. నాకు నవ్వు ఆగడం లేదు. కాలితో బండిని పక్కకు నెట్టి, మళ్లీ స్టార్ట్ చేసి, ఇంకో గేరు వేసి చూశాను.